ఆత్మరక్షణ హక్కు – అటకమీది ఆయుధము

(పెనుకొండలో గ్రామపంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ఈ కొండక్రింద కూర్చుండి ఆయుధములను గూర్చి మాటలాడుట కొంత చిత్రముగనే యున్నది. 1565లో తళ్లికోట యుద్ధానంతరము విజయనగర రాజ్యమునకు ఆశ్రయమిచ్చినది ఈ పెనుకొండ దుర్గమే. ఆ కాలమున కోటకు బురుజులు, ఊరికి కావలి, పాలెగానికి బంట్లు. ఎవని ప్రాణమును వాడు, ఎవని పంటను వాడు కాచుకొనవలసిన దినములవి. 1800లో నిజాము ఈ సీమను ఆంగ్లేయులకు ధారాదత్తము చేసి, దీనికి దత్తమండలములను పేరు వచ్చిన పిదప, థామస్ మన్రో చేపట్టిన మొదటి పనులలో పాలెగాండ్ర సాయుధబలమును అణచుట ఒకటి. ఆనాటినుండి నేటివరకు ఆయుధముమీది అధికారము ప్రభుత్వమునది అను సూత్రము నడచుచున్నది. అయినను మీదికి వచ్చినవానినుండి తన్ను తాను కాపాడుకొను హక్కును ఏ ప్రభుత్వమును తీసివేయలేదు. ఈ రెండు మాటల నడుమనే నేటి మా ప్రసంగము.

గ్రామములకు పోయినపుడు సభ్యులు మమ్ము అడుగు ప్రశ్న ఒకటి కలదు. "అయ్యా, నన్ను చంపవచ్చినవానిని నేను కొట్టితే నాదే తప్పగునా? కానిచో ఇంటిలో ఒక ఆయుధము ఉంచుకొంటే తప్పేమి?" అందురు. ఇది ఒక ప్రశ్నవలె వినబడును గాని, ఇందులో ప్రశ్నలు రెండు. చట్టము వానిని వేరువేరుగనే చూచును. ఆత్మరక్షణ ఒక్క గడియకు సంబంధించిన విషయము. ఆయుధము దాచియుంచుట నెలలు, ఏండ్లు సాగునట్టిది. మొదటిది నేరము కాకపోవచ్చును. అంతమాత్రమున రెండవది ఒప్పు కాదు. మన సీమలో ఎందరో ఈ భేదము తెలియక కారాగృహముల పాలైరి.

మొదట హక్కును గూర్చి చెప్పెదము. 1860లో ఏర్పడి 1862 జనవరినుండి అమలైన భారత శిక్షాస్మృతిలో 96 మొదలు 106 వరకు గల సెక్షనులు ఈ హక్కును వివరించినవి. 2024 జులై 1వ తేదీనుండి దాని స్థానమున భారతీయ న్యాయ సంహిత వచ్చినది. అందు ఇవే విషయములు 34 మొదలు 44 వరకు గల సెక్షనులలో ఉన్నవి. అంకెలు మారినవి గాని సారము చాలవరకు మారలేదు. ప్రతి మనిషికిని తన శరీరమును, తన ఆస్తిని, ఇతరుల శరీరమును, ఇతరుల ఆస్తిని సైతము కాపాడు హక్కు కలదు.

ఇతరుల శరీరమును అను మాటను గమనింపుడు. మన ఉమ్మడి అనంతపురము జిల్లాలోనే దీనికి పాత ఉదాహరణ యున్నది. 1893 అక్టోబరు 4వ తేదీన గుంతకల్లువద్ద రైల్వే గేటు కాపలాదారైన గూళపాలెము హంపన్న, తెల్ల సిపాయీలు వెంటబడిన ఇరువురు స్త్రీలకు అడ్డుగా నిలిచెను. సిపాయి తుపాకి కాల్చగా మరునాడు మరణించెను. కాల్చినవానిని మద్రాసు హైకోర్టులో విచారించిరి గాని జూరీవారు నిర్దోషియని విడిచిపెట్టిరి. గుత్తిలో హంపన్నకు స్మారకము కలదు. ఆ స్త్రీలు అతనికి చుట్టములు కారు. అతని చేతిలో తుపాకియు లేదు. చట్టము ఇచ్చిన హక్కును అక్షరాల వాడుకొన్న మనిషి యతడు. చట్టమును నడుపవలసిన జూరీయే ఆనాడు తప్పినదని మా అభిప్రాయము.

ఈ హక్కు ఎదుటివాని ప్రాణము తీయువరకు పోవచ్చునా అని మీరు అడుగవచ్చును. కొన్ని సందర్భములలో పోవచ్చును. చంపునని గాని, తీవ్రముగ గాయపరచునని గాని సహేతుకమైన భయము కలిగినపుడు, మానభంగమునకు యత్నించినపుడు, ఎత్తుకొనిపోవ యత్నించినపుడు, యాసిడ్ పోయ వచ్చినపుడు. ఈ చివరిది 2013లో చేర్చబడినది. ఆస్తి విషయమున దోపిడి, సూర్యాస్తమయమునకును సూర్యోదయమునకును నడుమ ఇల్లు పగులగొట్టి దూరుట, నివసించు ఇంటికి నిప్పు పెట్టుట వంటివి ఇందులో చేరును. గ్రామములోని ఆడవారికి ఈ సంగతి ప్రత్యేకముగ తెలియజెప్పవలెనని మహిళా సభ్యులను కోరుచున్నాము. తన్ను చెరుపవచ్చినవానిని కొడవలితో కొట్టిన స్త్రీ, పెద్దల యెదుట తలవంచుకొని నిలువవలసిన పని లేదు.

కాని ఉత్త దొంగతనము ఈ జాబితాలో లేదు. చేనిలో బోరుబావి కేబులు కోయువానిని పట్టుకొనవచ్చును, అవసరమైనంత బలము వాడవచ్చును, చంపరాదు. వాడు కత్తి యెత్తి మీదికి వచ్చెనా, అది వేరు సంగతి.

హక్కునకు కట్టిన గట్లు మూడు. పోలీసుల సహాయము పొందుటకు వ్యవధి యున్నపుడు ఈ హక్కు పుట్టదు. రేపు ఉదయము వచ్చి కొట్టెదమని కబురు పంపినవానికొరకు ఈ రాత్రి మనుషులను, కట్టెలను కూడగట్టుకొని కాచుకొనుట ఆత్మరక్షణ కాదు. ఈ రాత్రి స్టేషనుకు పోవుటకు దారి యున్నది. రెండవది, కాపాడుకొనుటకు ఎంత అవసరమో అంతకు మించి హాని చేయరాదు. అట్లని ప్రాణభయముతో ఉన్నవాడు త్రాసు పట్టుకొని దెబ్బలు తూచవలెనని ఏ న్యాయస్థానమును చెప్పలేదు. 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీము కోర్టు ఈ సంగతిని విశదముగ చెప్పినది. మూడవది, భయము తీరినతోడనే హక్కు తీరిపోవును. దీనికి 1962లో తీర్పు వెలువడిన జయదేవ్ కేసు మంచి పాఠము. ఆనాటి పంజాబు రాష్ట్రపు పల్లెలో పొలముకొరకు తగవు. పొలము సాగుచేయుచున్నవారిమీదికి ఎదుటిపక్షమువారు గుంపుగ వచ్చిరి. అంతవరకు హక్కు సాగుచేయువారిదే. కాని వచ్చినవారు వెనుదిరిగి పరుగెత్తుచుండగా కాల్చిరి. పారిపోవువాని వీపుమీద పేలిన తుపాకిని ఆత్మరక్షణ యనుటకు వీలులేదని కోర్టు తేల్చి నేరనిర్ధారణను నిలిపినది. మన పల్లెలలో జరిగిన ఎన్ని కొట్లాటలలో మొదటి దెబ్బ రక్షణకై పడి, నాలుగవ దెబ్బ కక్షకై పడినదో మీకే తెలియును.

పొలము గట్ల తగవులను గూర్చి ఇంకొక్క మాట. 1968 నాటి న్యాయనివేదికలలో ప్రకటితమైన మున్షీరాం కేసులో, చిరకాలముగ భూమిని అనుభవించుచున్న కౌలుదారును, కాగితము చేతబట్టుకొని వచ్చిన కొనుగోలుదారు బలవంతముగ వెళ్లగొట్టజూచెను. స్థిరమైన స్వాధీనములో నున్నవానికి దానిని కాపాడుకొను హక్కు కలదనియు, హక్కుదారు సైతము చట్టప్రకారమే భూమిని పొందవలెననియు సుప్రీము కోర్టు చెప్పి, కౌలుదారు పక్షమువారిని విడిచిపెట్టినది. నిన్న రాత్రి దున్ని నేడు నాది అనువానికి మాత్రము ఈ తీర్పు చెల్లదు. పైరు వేసి, ఎదుటివానికి తెలిసి, కొంతకాలము అనుభవములో నున్నదే స్థిరమైన స్వాధీనము. ఇరుపక్షములును కొట్టుకొనుటకే సిద్ధపడి వచ్చిన కొట్లాటలో సామాన్యముగ ఎవరికిని ఈ హక్కు దక్కదు. ఎవడు చేసిన దెబ్బకు వాడే జవాబుదారీ.

ఇక తీగల సంగతి. అడవిపందులు శనగచేలను ఒక్క రాత్రిలో నాగలి పెట్టినట్లు త్రవ్విపోవుచున్నవి. రైతు కష్టము మాకు తెలియనిది కాదు. కాని చేనిచుట్టును కరెంటు తీగ చుట్టుట గొప్ప ప్రమాదము. బీహారులో చెరుబిన్ గ్రెగరీ యనువాడు పరులు తన మరుగుదొడ్డిలోనికి రాకుండుటకై కరెంటు ప్రవహించు ఉత్త రాగితీగ కట్టెను. ఇరుగింటి స్త్రీ దానిని తాకి మరణించెను. నా స్థలములోనికి అక్రమముగ వచ్చినది, నా ఆస్తిని నేను కాపాడుకొంటినని యతడు వాదించెను. 1963లో సుప్రీము కోర్టు ఆ వాదమును త్రోసివైచినది. తీగకు కన్నులు లేవు. వచ్చినవాడు దొంగయా, నీళ్లు కట్టవచ్చిన ప్రక్కచేనివాడా, తప్పిపోయిన మేకకై వచ్చిన పిల్లవాడా అని అది చూడదు. పందులకై పెట్టిన తీగకు పొరుగు రైతు బలియైన పల్లె మాకు తెలియును. ఆ రెండు కుటుంబములును అంతకుముందు బదులు సామాను ఇచ్చి పుచ్చుకొనువారే.

ఆత్మరక్షణ అని చెప్పుకొన్నంత మాత్రమున చాలదు, దానిని చూపవలసిన బాధ్యత చెప్పినవానిపై నుండును. భారతీయ సాక్ష్య అధినియమములో ఇది 108వ సెక్షను. అయినను నేరము మోపువారు సంశయమునకు తావు లేకుండ రుజువు చేయవలెను. ఆత్మరక్షణ చెప్పువాడు అట్లు జరిగియుండుటకే అవకాశము ఎక్కువయని చూపిన చాలును. నిందితుడు ఆ మాట ఎత్తకపోయినను, సాక్ష్యములోనే అది కనబడినచో న్యాయస్థానము దానిని పరిశీలింపవచ్చును. కావున అట్టి దుర్ఘటన జరిగిన ఇంటివారికి మీరు చెప్పవలసిన సలహా యేమనగా: పారిపోవద్దు, కత్తి కడుగవద్దు, రక్తపు గుడ్డలు కాల్చవద్దు, తమ గాయములను ఆ పూటనే ప్రభుత్వాసుపత్రిలో చూపించి వ్రాయించుకొనవలెను, జరిగినది జరిగినట్లే మొదటి నివేదికలో చెప్పవలెను. మేము అచ్చట లేనేలేమని మొదట చెప్పి, మూడేండ్ల తరువాత మమ్ము చంపవచ్చిరని చెప్పువానిని ఎవరు నమ్ముదురు?

ఇప్పుడు ఆయుధము. 1959 నాటి ఆయుధముల చట్టము తుపాకిని, తూటాను లైసెన్సు లేనిదే ఎవరును ఉంచుకొనరాదని చెప్పుచున్నది. కొడవలి, కట్టె, గొడ్డలి వంటి సేద్యపు పనిముట్లును, గృహోపయోగ వస్తువులును, ఊతకఱ్ఱయు ఈ చట్టములోని ఆయుధములు కావు. కావున రైతు కొడవలి తీసికొని చేనికి పోవుటకు ఎవరి సెలవును అక్కరలేదు. కాని వేటకొడవలి, బరిసె, పిడిబాకు, కత్తి – సేద్యమునకు గాక పోరునకే చేసిన ఇట్టివి, అలుగు 9 అంగుళముల పొడవును గాని 2 అంగుళముల వెడల్పును గాని మించినవి, ప్రభుత్వము ప్రకటన చేసిన ప్రాంతములలో లైసెన్సు కోరును. మన కమ్మరులకు ఈ సంగతి తెలిసియుండుట మంచిది. గడ్డి కోయుటకు అంత పొడవు కొడవలి ఎందుకని అడుగుటకు కమ్మరికి నోరున్నది.

లైసెన్సు లేని తుపాకి చిక్కినచో, 2019 సవరణ తరువాత, సామాన్యముగ 2 ఏండ్లకు తక్కువ కాకుండ 5 ఏండ్లవరకు ఖైదు, జరిమానా. లైసెన్సు లేక తుపాకులు తయారుచేయువానికి 7 ఏండ్లనుండి యావజ్జీవమువరకు. నాటుబాంబు వేరొక చట్టము క్రిందికి వచ్చును. అది 1908 నాటి ప్రేలుడు పదార్థముల చట్టము. అనుమానాస్పదముగ ప్రేలుడు పదార్థము కలిగియుండుటకే 10 ఏండ్లవరకు కఠినశిక్ష పడవచ్చును. న్యాయమైన పనికై ఉంచుకొంటినని రుజువు చేయవలసిన భారము ఉంచుకొన్నవానిదే. పందులకై అనియు, క్వారీలో మిగిలినదనియు చెప్పు మాటలు ఈ భారమును మోయలేవు.

"కలిగియుండుట" యనగా చేత పట్టుకొని యుండుట మాత్రమే కాదు. 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీము కోర్టు దీనిని వివరించినది. తనకు తెలిసి, తన అధీనములో ఉన్న ఆయుధము పొరుగువాని ఇంటిలో నున్నను తనదే యగును. వామిలో దాచినను, బంధువు పెట్టెలో పెట్టినను తేడా లేదు. ఇందుకు మారుగ, మీదికి వచ్చినవాని చేతి కత్తిని పెనుగులాటలో లాగికొన్నవాని సంగతి వేరు. వాడు దానిని దాచుకొన్నవాడు కాడు. వెంటనే పోలీసులకు అప్పగించుట వాని విధి.

నన్ను, నా వారిని కాపాడుకొనుటకే ఉంచుకొంటిని అను వాదము పనికివచ్చునా? దేశమంతయు ఎరిగిన కేసు ఒకటి కలదు. 1993లో బొంబాయి అల్లర్లు, ప్రేలుళ్ల కాలమున హిందీ చలనచిత్ర నటుడు సంజయ్ దత్ ఎ.కె. 56 తుపాకిని అక్రమముగ తెప్పించుకొనెను. కుటుంబ రక్షణకై అని చెప్పెను. ప్రేలుళ్ల కుట్రలో అతనికి పాలులేదని న్యాయస్థానమే చెప్పినది. అయినను ఆయుధముల చట్టము క్రింద 2007లో విధించిన 6 ఏండ్ల శిక్షను 2013 మార్చి 21న సుప్రీము కోర్టు 5 ఏండ్లుగ నిలిపినది. ధనము, పేరు, పలుకుబడి గలవానికే ఆ వాదము అక్కరకు రాలేదు.

నిజముగ భయమున్నవానికి చట్టము ద్వారము మూయలేదు. ప్రాణరక్షణకు గాని, పంటరక్షణకు గాని లైసెన్సు కోరుచు జిల్లా మేజిస్ట్రేటునకు దరఖాస్తు చేసికొనవచ్చును. పంటరక్షణకై గొట్టములో మందు కూరు పాతరకపు తుపాకిని చట్టము పేరుపెట్టి పేర్కొన్నది కూడ. పోలీసు విచారణ జరుగును, ఆలస్యమగును, ఈయకపోవచ్చును కూడ. ఆలస్యము మాకును సమ్మతము కాదు, కాని దానికి మందు నాటు తుపాకి కాదు.

ఆయుధము రక్షించుననుటలో నిజమెంత? పెనుకొండలో ఉండి ఈ ప్రశ్నకు జవాబు దూరముగ వెదుకనక్కరలేదు. ఎవరి పక్షమును మేము చెప్పము. తేదీలు మాత్రము చెప్పెదము. 1997 నవంబరు 19న హైదరాబాదులో ఒక నాయకునికై పెట్టిన కారుబాంబు ప్రేలి 26 మంది మరణించిరి; వారిలో మన తగవులతో ఏ సంబంధమును లేనివారు, తమ ఉద్యోగము చేసికొనవచ్చిన పత్రికా, దృశ్యమాధ్యమ సిబ్బంది కలరు. ఆ నాయకుడు, అప్పటి పెనుకొండ శాసనసభ్యుడు పరిటాల రవి, 2005 జనవరి 24న అనంతపురములో అంగరక్షకులు ఉండగనే కాల్పులలో మరణించెను. 2011 జనవరి 3న మద్దెలచెరువు సూరి హైదరాబాదులో తన కారులోనే, తన వెంటనున్న అనుచరుని కాల్పులకు బలియయ్యెను. ఆ అనుచరునికి 2018లో యావజ్జీవ శిక్ష పడినది. ఒకరికి ఆయుధము వెంట ఉండియు అడ్డుపడలేదు. మరొకరికి వెంటనున్న ఆయుధమే మృత్యువైనది. వెనుక మిగిలిన ఇండ్లలో ఎన్ని చేలు బీడుపడినవో ఆ గ్రామముల వారే చెప్పగలరు.

ఇంతవరకు చెప్పినది ప్రజలందరికిని. ఇప్పుడు చెప్పునది మీకు. పూర్వము గ్రామమున నేరము జరిగినచో పైకి తెలుపు పని గ్రామ మునసబుది. ఆ పదవులు 1984లో రద్దయినవి. పని మాత్రము రద్దు కాలేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 34వ సెక్షను గ్రామ వ్యవహారములలో నియుక్తులైనవారు తెలుపవలసిన విషయములను చెప్పుచు, గ్రామపంచాయతీ సభ్యుడు అందులో చేరునని స్పష్టముగ వివరించినది. బెయిలుకు వీలులేని నేరము జరిగినను, జరుపుటకు ఉద్దేశించినను, సాయుధులై గుంపుగూడినను, అనుమానాస్పద మరణము సంభవించినను దగ్గరి మేజిస్ట్రేటునకు గాని పోలీసు స్టేషను అధికారికి గాని వెంటనే తెలుపుట మీ విధి. ఆయుధముల చట్టము 36వ సెక్షను ఇట్టి బాధ్యతనే ప్రతి పౌరునిపైనను ఉంచినది. తెలిసి తెలుపకుండుట తప్పు. సాటి వార్డు సభ్యుని బామ్మర్ది అయినను, తనకు ఓటు వేసినవాడైనను తప్పే.

ఇది కష్టమైన పనియని మాకు తెలియును. తెల్లవారితే అదే బావివద్ద, అదే రచ్చకట్టవద్ద కలసికొనవలసినవారు మీరు. అందుచేతనే కొందరు సభ్యులు మంచి ఉద్దేశముతోనే, ఆయుధము చిక్కిన తగవును రచ్చకట్టమీద రాజీ చేసి, తుపాకిని పంచాయతీ కార్యాలయపు బీరువాలో పెట్టింతురు. దయచేసి అట్లు చేయకుడు. ఆయుధ నేరమును రాజీ చేయు అధికారము పంచాయతీకి లేదు. అంతేకాక, ఆ నాటినుండి ఆ తుపాకి మీ అధీనములోని దగును.

తగవు రగులుకొనుచున్నదని ముందే కనిపెట్టినచో మార్గములు కలవు. శాంతిభంగము జరుగునను భయమున్నపుడు ఇరుపక్షములనుండి ఒక సంవత్సరము వరకు జామీను వ్రాయించుకొను అధికారము ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటునకు 126వ సెక్షను ఇచ్చినది. భూమి స్వాధీనముకొరకు తగవైనచో 164వ సెక్షను కలదు. సభ్యుడు ఒక అర్జీ వ్రాసి పంపిన చాలును. కొట్లాట జరిగిన పిదప తిరుగు పదిమంది సాక్షుల కంటె, ముందు వ్రాసిన ఆ ఒక్క అర్జీ పనిచేయుట మేము చూచియున్నాము.

కడపట అటకమీది ఆయుధము. మా ఎరుకలోని ఒక ఇంట తాతగారి కాలమునాటి ఒంటిగొట్టపు తుపాకి యుండెను. తాతగారికి లైసెన్సు కలదు. ఆయన పోయినాడు, కాగితము గడువును పోయినది. తుపాకి మాత్రము అటకమీద గోనెసంచిలో నిలిచినది. పారవేయుటకు మనసొప్పదు, పోలీసులకు చెప్పుటకు భయము. ఇట్టి ఇండ్లు మీ గ్రామములలో ఒకటి రెండు ఉండకపోవు. చట్టములోని 21వ సెక్షను వీరికొరకే యున్నది. లైసెన్సుదారు మరణించినను, గడువు తీరినను, ఆయుధమును అనవసరపు జాగు లేకుండ దగ్గరి పోలీసు స్టేషనులో గాని, లైసెన్సుగల వర్తకునివద్ద గాని జమచేయవలెను. వారసులు తమపేర లైసెన్సుకై దరఖాస్తు చేసికొనవచ్చును. ఇప్పుడు లైసెన్సు గడువు 5 ఏండ్లు. ఒక్కరు రెండింటికి మించి తుపాకులు ఉంచుకొనరాదు.

ఆ ఇంటి మనుమడు మమ్ము అడిగి, రెండు దినములు ఆలోచించి, మూడవనాడు వార్డు సభ్యుని వెంటబెట్టుకొని స్టేషనుకు పోయెను. అచ్చటి జమాదారు సంచి విప్పి చూచి, గొట్టములో కందిరీగలు పెట్టిన మట్టిగూడును గోటితో తీసి, రశీదు వ్రాసి యిచ్చెను. ఆ రశీదు ఇప్పుడు వారి పట్టాపుస్తకములో మడతపెట్టి యున్నది. లైసెన్సుకై దరఖాస్తు చేసితివా యని మేము అడుగగా, చేనికి మొదట కంచె వేయించుకొనెదను, దానిని తరువాత చూచుకొనెదను అనెను.